మూసిన పొట్లము, తెరచిన పేక

పేకముక్క గడప దాటి లోనికి వచ్చినచో లక్ష్మి గడప దాటి వెలుపలికి పోవునని మన పెద్దలు చెప్పుదురు. ఆ మాట ఊరక పుట్టినది కాదు. చేతికందిన జీతమును ఆ రాత్రియే ముక్కలాటలో పోగొట్టుకొని, తెల్లవారి వట్టిచేతులతో ఇల్లు చేరినవారి కథలు మన కోలారు సీమలో ఏ ఇంటనైనను వినవచ్చును. కావున, బూదికోటలో మన పిల్లలు వసారాలో చాప పరచుకొని, రంగురంగుల కార్డులు పట్టుకొని ఆడుచుండగా చూచిన పెద్దలకు గుండె ఝల్లుమనుట సహజము. ఇటీవల అట్టి సందర్భమున పెద్దలొకరు ఆ కార్డులను లాగికొని బీరువాలో పెట్టి తాళము వేసిరి. కార్డులు పోయిన బాలుడు ఏడువలేదు. "తాతా, ఇది జూదం గాదు. దీంట్లో రాసిండేది చదవాల, లెక్క పెట్టాల, ఆమీద ఆడాల" అని మాత్రము చెప్పెను. తాతగారు వినలేదు. మేము వింటిమి.

ఆ బాలుని మాట నిజము. తాతగారి భయమును నిజమే. కాని తాళము వేయవలసిన చోట పడలేదు. ఏది తెరచి ఉంచవలెనో దానిని మూసితిమి; ఏది మూయవలెనో దానిని తెరచి ఉంచితిమి. ఈ సంగతిని మన కుటుంబముల యెదుట నిర్మొగమాటముగ చెప్పుటయే మా ఉద్దేశము.

ముందుగా ఆ కార్డులేవో తెలిసికొందము. బంగారు గనులు మూతపడిన పిమ్మట మన ప్రాంతపువారు వేలాదిగా మారికుప్పము, బంగారుపేట స్టేషన్లలో తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరికి పనికిపోయి రాత్రికి తిరిగి వచ్చుచున్నారు. వారి భోజనపు సంచులలో ఆ నగరపు వస్తువులును మన ఊళ్లకు చేరుచున్నవి. ఈ కార్డులు అట్లు వచ్చినవే. 1977లో అమెరికాలో జార్జి లూకాస్ తీసిన 'స్టార్ వార్స్' అను చలనచిత్రమును, దాని వెంట వరుసగా వచ్చిన చిత్రములను ఆధారము చేసికొని ఇవి అచ్చువేయబడినవి. నక్షత్రముల నడుమ యుద్ధము, వెలుగు పక్షము, చీకటి పక్షము, గురువు, శిష్యుడు, తండ్రియని యెరుగక తండ్రితో పోరాడిన కొడుకు: కథ విదేశీయమైనను, లవకుశుల కథ విన్నవారికి పూర్తిగా క్రొత్త కాదు.

ఈ జాతి ఆటకు మూలపురుషుడు రిచర్డ్ గార్ఫీల్డ్ అను గణితవేత్త. 1993లో ఆయన కల్పించిన 'మేజిక్: ది గ్యాదరింగ్' అను ఆటతో ఒక క్రొత్త పద్ధతి లోకమునకు వచ్చినది. మన చీట్లపేకలో 52 ముక్కలు; అవే అందరికిని పంచుదురు. ఈ క్రొత్త ఆటలో ఎవరి పేక వారిదే. తాను సేకరించిన కార్డులలోనుండి తగినవాటిని ఏరి, పేకగా కట్టుకొని ఆడవలెను. 1995 డిసెంబరులో డెసిఫర్ అను కంపెనీ స్టార్ వార్స్ కథతో ఇట్టి ఆటను వెలువరించినది. అది పండితుల ఆట. నియమములు నేర్చుటకే చాల ఓపిక కావలెను. 1999లో ఆ చిత్రపరంపరలో క్రొత్త చిత్రము విడుదలైనప్పుడు అదే కంపెనీ క్రొత్తవారి కొరకు, పిల్లల కొరకు 'యంగ్ జెడై' అను సులభమైన ఆటను వేరుగా తయారుచేసినది. ఒక్కొక్కరికి 60 కార్డుల పేక. పోరాటమునకు మూడు గ్రహములు. అందు రెండింటిని వశపరచుకొన్నవాడు గెలిచినవాడు. ఇంత సూటిగా చెప్పగలిగినందువలననే పిల్లవాడు దానిని పట్టుకొనగలిగినాడు.

2024 మార్చిలో ఫాంటసీ ఫ్లైట్ గేమ్స్ వారు వెలువరించిన 'స్టార్ వార్స్: అన్‌లిమిటెడ్' ఈ మార్గమున మరియొక అడుగు. బూదికోట వసారాలో మేము చూచినది ఈ ఆటయే. ఇద్దరు కూర్చుండి ఆడుటకు 50 కార్డుల చొప్పున కట్టిన రెండు పేకలను ఒకే పెట్టెలో పెట్టి అమ్ముదురు. ఒకదానికి నాయకుడు లూక్, రెండవదానికి డార్త్ వేడర్. ఆరు కార్డులు చేతికి దీసికొని, వానిలో రెండింటిని బోర్లించి పెట్టుబడిగా ఉంచవలెను. ఒకరు ఒక్క పని చేయగానే వంతు రెండవవారిదగును. కావున క్రొత్తవాడు చేతులు ముడుచుకొని చూచుచు కూర్చుండ నక్కరలేదు. ఎదుటివాని స్థావరమునకు సాధారణముగ 30 దెబ్బల బలముండును. అది తీరినచో ఆట ముగియును. ఇందలి నేర్పును గమనింపవలెను. తొలిమెట్టు ఎత్తు తక్కువ. పిల్లవాడు మొదటి దినముననే తప్పులు చేయుచు ఆడగలడు, ఆడుచు చదువగలడు, చదువుచు నేర్చుకొనగలడు. ఈ తొలిమెట్టు సంగతిని పాఠకులు మరవవలదు. మేము మరల దానికే వత్తుము.

ఇక పూర్వపక్షము. 'ముక్కలన్నియు జూదమే' అని పెద్దలందురు. ఈ వివాదము తెలుగునాటి నుండియే దేశపు అత్యున్నత న్యాయస్థానమునకు పోయినది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడిన విషయమై నడచిన కేసులో, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమునకును కె. సత్యనారాయణకును నడుమ, 1967 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. మూడు ముక్కల ఆట కేవలము అదృష్టముపై నడచునది. రమ్మీలో పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొనవలెను, ఏది నిలుపవలెనో ఏది విడువవలెనో యోచింపవలెను. కావున అది ప్రధానముగ నైపుణ్యపు ఆట. ఇది ఆ తీర్పు సారాంశము. అయితే ఆట నడుపువాడు దానినుండి లాభము గుంజుచున్నట్లు రుజువైనచో అది నేరము కావచ్చునని కూడ న్యాయమూర్తులు చెప్పియున్నారు. కావున ముక్కను చూచి తీర్పు చెప్పరాదు. అందు మనిషి బుద్ధి పనిచేయుచున్నదా, ఎవరి జేబు నిండుచున్నది అను రెండు ప్రశ్నలు అడిగి చెప్పవలెను.

ఆ తూనికలోనే ఈ కార్డులను తూచుదము. చాపమీద జరుగునది నైపుణ్యము. బాలుడు కార్డుమీది వాక్యమును చదువుచున్నాడు, కూడుచున్నాడు, తీసివేయుచున్నాడు, ఎదుటివాని చేతిలో ఏమున్నదో ఊహించుచున్నాడు, ఓడినచో పేకను విప్పి మరల కట్టుకొనుచున్నాడు. అక్కడ పైసా మారలేదు. కాని అంగడిలో జరుగునది వేరు. రెండు పేకల పెట్టె కొన్న బాలునికి అది చాలదు. బలమైన కార్డులు కావలెను. అవి మూసిన పొట్లములో వచ్చును. పొట్లమునకు 16 కార్డులు. అవి ఏవియో చించి చూచువరకు కొన్నవానికి తెలియదు. వానిలో సామాన్యమైనవే అధికము. అపురూపమైనది ఒకటి వచ్చుట పరిపాటి. ఒక లెక్క వేసి చూతము. అపురూపమైన కార్డులు 50 రకములున్నవనియు, పొట్లమునకు ఒకటి చొప్పున అన్నియు సమానముగ కలిసి వచ్చుననియు అనుకొందము. కోరిన ఒక్క కార్డు దొరకుటకు సగటున 50 పొట్లములు చింపవలెను. 50 రకములును సమకూడుటకు సగటున సుమారు 225 పొట్లములు కావలెను. ఇది మా నింద కాదు, గణితము. ఎవరి జేబు నిండుచున్నదో వేరుగా చెప్పనక్కరలేదు.

వీడియో ఆటలలో ఇట్టి మూసిన పెట్టెలను డబ్బుకు అమ్ముట తమ చట్టము ప్రకారము జూదమేనని బెల్జియము దేశపు జూద నియంత్రణ సంఘము 2018లో తేల్చినది. ఆ నిర్ణయము తెరమీది ఆటలను గూర్చినది. కాని దాని తర్కము కాగితపు పొట్లమునకు మాత్రము తగులకపోవునా? చూచితిరా వింత! పెద్దలు బీరువాలో పెట్టినది నైపుణ్యమును. పొట్లము మాత్రము రైలు దిగిన తండ్రి సంచిలో వచ్చుచునే యున్నది. బాలుని చేతిలోని ఆటను లాగికొన్నవారు తండ్రి చేతిలోని అదృష్టపు చీటిని చూడలేదు. 'పిల్లవాడు అడిగినాడు గదా, ఒక్క పొట్లమే గదా' అని మనమే కొని యిచ్చుచున్నాము. బూదికోటలో తాళము పడవలసినది ఆ కొనుగోలుమీద.

రెండవ పూర్వపక్షము: 'ఇది పరదేశపు వింత; మన సంప్రదాయము కాదు.' మైసూరు సీమలో తరతరములుగా కాపురమున్న మనము ఈ మాట చెప్పుట ఆశ్చర్యము. బాబరు 1527లో సింధు దేశపు షా హసనునకు గంజీఫా పేకను పంపినట్లు తన స్వీయచరిత్రలో వ్రాసికొనెను. ఆ గుండ్రని ముక్కలు మన దేశమున కాపురము పెట్టి దశావతారములైనవి. పది వర్గములు, ఒక్కొక్క వర్గమునకు రాజు, మంత్రి, పది అంకెల ముక్కలు, మొత్తము 120. మత్స్యావతారమునకు చేప గుర్తు, కూర్మమునకు తాబేలు, పరశురామునకు గొడ్డలి. పగలు ఆడినచో రామునితోను, రాత్రి ఆడినచో కృష్ణునితోను ఆట ఆరంభింతురు. తెలంగాణమున నిర్మల్ చిత్రకారులు ఇట్టి ముక్కలను వ్రాసిరి. మైసూరు ప్రభువు మూడవ కృష్ణరాజ ఒడయరు (1794–1868) తాను స్వయముగ క్రొత్త పేకలను కల్పించెను; శ్రీతత్త్వనిధిలోని కౌతుకనిధి యను భాగము ఇట్టి వినోదములకే కేటాయింపబడినది. ఆయన పేకలలో 360 ముక్కలు గలది కూడ కలదు. మన కాలమున ఆ విద్యను మరల వెలుగులోనికి దెచ్చిన రఘుపతి భట్టుగారికి 'గంజీఫా' అను మాటయే ఇంటిపేరైనది. ఒక ప్రభువు పురాణములను ముక్కలపై వ్రాయించగా సంప్రదాయము. ఒక బాలుడు నక్షత్రయుద్ధపు ముక్క పట్టుకొనగా భ్రష్టత్వము. ఇది ఏమి న్యాయము?

అంతదూర మేల? మన అవ్వలు ఆడిన వైకుంఠపాళిని తలచుకొనుడు. దానికి పూర్వవిద్య ఏదియు అక్కరలేదు. గవ్వలు వేయవలెను, గడులు లెక్కింపవలెను, పాము నోటబడినచో దిగవలెను, నిచ్చెన దొరకినచో ఎక్కవలెను. గడులలో సద్గుణముల పేర్లు, దుర్గుణముల పేర్లు. నాలుగేండ్ల పిల్ల కూడ తాతతో సమానముగ కూర్చుండి ఆడెడిది. పరమపదమునకే ఇంత సులభమైన తొలిమెట్టు కట్టిన జాతి మనది. ఆ నేర్పును మనము మరచితిమి. పరదేశపు కంపెనీ నేర్చుకొన్నది. అందువలన మన పిల్లలు వారి మెట్టు ఎక్కుచున్నారు. కోపము వారిపై తెచ్చుకొనుట కంటె సిగ్గు మనమీద తెచ్చుకొనుట మేలు.

మూడవ పక్షమువారు అడ్డుచెప్పువారు కారు, మెచ్చుకొనువారు. 'ఆడనిండు, ఇంగ్లీషు వచ్చును' అని సంతోషించు తలిదండ్రులు వీరు. వీరి మాటలో సగము నిజమున్నది. కార్డుమీది రెండు పంక్తులు అర్థము కానిదే ఆట సాగదు. కావున పిల్లవాడు ఎవరును బలవంతపెట్టకయే చదువుచున్నాడు. రెండవ సగమును మేము అడుగుచున్నాము. రెండు పంక్తుల ఇంగ్లీషు కొరకు ఇంత పట్టుదల చూపగల బాలునికి రెండు పంక్తుల తెలుగు ఎందుకు రాదు? బూదికోటలో వాని ఇంటిమాట తెలుగు, బడిమాట కన్నడము, కార్డుమాట ఇంగ్లీషు. ఇంటిమాటను చదువలేడు, వ్రాయలేడు. అవ్వ చెప్పిన పొడుపుకథ నోట నున్నది. దానిని కాగితముమీద చూపినచో పోల్చుకొనలేడు.

ఇది బాలుని అసమర్థత కాదు. కన్నడ లిపి నేర్చినవానికి తెలుగు లిపి పరాయిది కాదు. రెండును ఒకే తల్లి బిడ్డలు. క, త, శ వంటి కొన్ని అక్షరములను, తలకట్టు తీరును చూపినచో మిగిలినవానిలో పెక్కింటిని వాడు తానే గుర్తుపట్టును. ఇంత దగ్గర నున్న ద్వారమును ఎవరు మూసిరి? మేమే మూసితిమి. మా సంఘములు పండుగకు పద్యపఠన పోటీలు పెట్టును. పద్యము వచ్చినవారే పాల్గొందురు. వ్యాసరచన పోటీలు పెట్టును. వ్రాయ వచ్చినవారే వ్రాయుదురు. బహుమతులు ప్రతి ఏడు అవే రెండు మూడు ఇండ్లకు పోవును. ఏమియు రానివాని కొరకు మా కార్యక్రమపత్రములో ఒక్క పంక్తి లేదు. డెసిఫర్ కంపెనీ తన పెద్ద ఆట పిల్లలకు కష్టమని నాలుగేండ్లలో గ్రహించి చిన్న ఆటను చేసినది. మేము ఇన్ని ఏండ్లుగా పెద్ద ఆటనే ఆడించుచు, పిల్లలు రాలేదని ఉపన్యాసములు చేయుచున్నాము.

ఇంకొక సంగతి కలదు; మన సీమవారు దానిని చదువుచు ఒక్క క్షణము ఆగవలెను. 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ కంపెనీ కోలారు గనులను మూసివేసినది. జాన్ టైలర్ కంపెనీ 1880లో అడుగుపెట్టిన నాటినుండి నూరేండ్లకు పైగా నడచిన బ్రతుకు ఆగినది. కంపెనీ పోయినది, జనము పోలేదు. ఆ 2001 సంవత్సరము చివరనే డెసిఫర్ కంపెనీ స్టార్ వార్స్ ఆటను ముగింపవలసి వచ్చినది. చిత్రముల హక్కుదారులు అనుమతిని కొనసాగింపలేదు. ఆ ఆటకు అదియే అంత్యమని ఎవరైనను తలచి యుందురు. కాని ఆటగాండ్రు ఒక సంఘముగా ఏర్పడి, 2002 నుండి ఆ ఆటను తామే నిలుపుకొని వచ్చుచున్నారు. క్రొత్త కార్డులను తామే రచింతురు, పరీక్షింతురు. కావలసినవారు ఇంటిలో అచ్చు తీసికొని, పాత కార్డుపై పెట్టి, పారదర్శకమైన ఒరలో దూర్చి ఆడుదురు. పొట్లము లేదు, అదృష్టము లేదు, లాభము గుంజువాడు లేడు. కంపెనీ అచ్చువేసిన కాలము ఆరేండ్లు. ఆటగాండ్రు కాపాడిన కాలము ఇరువదియేండ్లు దాటినది.

ఒక చలనచిత్రపు ఆటమీది మమకారముతో, లోకమున చెదరియున్న కొద్దిమంది ఇంత పని చేయగలిగిరి. తల్లిభాషపై మమకారముగల మనము, ఒకే తాలూకాలో, ఒకే వీధిలో, ఒకే నూతినీరు త్రాగి పెరిగినవారము, చేయలేమా? ప్రభుత్వము తెలుగు పాఠశాల ఇచ్చినప్పుడు చూతమని, పొరుగు రాష్ట్రమువారు పుస్తకములు పంపినప్పుడు చూతమని, కంపెనీ కొరకు కాచుకొన్న కూలివలె ఎంతకాలము కూర్చుందుము?

మా సూచన స్వల్పము. బూదికోట తెలుగు కుటుంబములు కలిసి ఒక పేకను తయారుచేయవలెను. 60 కార్డులు; అన్ని పేకలును ఒకే తీరు; మూసిన పొట్లము ఉండరాదు; అపురూపమైన కార్డు అను మాటయే ఉండరాదు. ఒక్కొక్క కార్డుమీద ఒక బొమ్మ, ఒక అంకె, పెద్ద అక్షరములలో రెండు తెలుగు పంక్తులు. క్రింద చిన్న అక్షరములలో అదే కన్నడమున. గనిలో దిగిన కూలి, మార్కండేయ జలాశయము, హైదరాలీ పుట్టిన మన కోట, పేరులోని బూది, గవ్వ, రాగిముద్ద, రైలు, అవ్వ చెప్పిన పొడుపుకథ: ఇవియే మన పాత్రలు, ఆయుధములు. మూడు గ్రహముల స్థానమున మూడు ఊళ్లు: కోలారు, బూదికోట, కైవారము. రెండింటిని గెలుచుకొన్నవాడు విజేత. నియమము ఒక్కటి అదనము: కార్డుమీది తెలుగు పంక్తిని పైకి చదివినగాని దానిని ఆడరాదు. చదువలేనివానికి ఎదుటివాడు సాయము చేయవలెను. సాయము చేసినవానికి ఒక అంకె లాభము. ఇది తొలిమెట్టు.

'ఆదిత్య 369' (1991), 'కల్కి 2898 ఏడీ' (2024) వంటి మన తెలుగు చిత్రముల బొమ్మలు వేసినచో పిల్లలు పరుగెత్తుకొని రారా యని యువకులు అడుగవచ్చును. వత్తురు. కాని ఆ బొమ్మలపై హక్కు నిర్మాతలది. ఇచ్చిన అనుమతి రేపు పోవచ్చును. డెసిఫర్ కథ చెప్పునది అదియే. మన పొడుపుకథకు, మన ఊరి పేరునకు లైసెన్సు ఎవరును ఇయ్యనక్కరలేదు, ఎవరును తీసికొనలేరు. కన్నడము ఎందుకని కొందరు అడుగుదురు. కైవారపు యోగి నారేయణ తాతగారు తెలుగునను కన్నడమునను పాడిరి. ఆయన కంటె మనము తెలుగువారమా? పొరుగింటి కన్నడ బాలుడు కూడ చాపమీద కూర్చుండినచో ఆ ఆట ఊరి ఆటయగును. ఊరి ఆటయైననే అది బ్రతుకును.

ఖర్చు మాట వచ్చును. పండుగనాడు వేదికకు కట్టు పూలమాలల సొమ్ములో కొంత తగ్గించినచో మొదటి పేకలకు చాలవచ్చును. అట్టకాగితము, కత్తెర, బొమ్మలు గీయు ఇద్దరు పిల్లలు, పొడుపుకథలు చెప్పు నలుగురు అవ్వలు: ఇంతకు మించి మొదట కావలసినది లేదు. తప్పులుండును. రెండవ యేట దిద్దుకొందము.

చివరగా బీరువా మాట. తాతగారికి మా మనవి ఇది. ఆ తాళము తీయుడు. ఆ రెండు పేకలను బాలునికి తిరిగి ఇయ్యుడు; అవి నైపుణ్యపు పేకలు, వాడు నేర్చినవి. పొట్లములు కొననని తండ్రిచేత మాట తీసికొనుడు. పిమ్మట మీరే చాపమీద వాని యెదుట కూర్చుండి ఒక ఆట ఆడుడు. మొదట ఓడుదురు, తప్పులేదు. లెమ్మనగానే లేవకుండ వానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, మన పేకకు కావలసిన మొదటి పొడుపుకథను మీరు చెప్పుడు; వానిచేత వ్రాయింపుడు. వాడు వ్రాయు తొలి తెలుగు అక్షరము వంకర పోవచ్చును. దానిని దిద్దుటకు మీరున్నప్పుడే అది జరుగవలెను.